ఆ సున్నా ఎవరు కొలిచారు

మా సార్ పోయారన్న సంగతి నాకు మొదట తెలిసింది కాలేజీ వాట్సాప్ గ్రూపులో. ఆయన పాత ఫోటో ఒకటి పెట్టి, కింద "దాదాపు నాలుగు దశాబ్దాల సేవ, తీరని లోటు" అని ఎవరో రాశారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఒకాయన, గ్రూపులో ఏం జరుగుతోందో చూసుకోకుండా, రోజూ పెట్టే పువ్వుల గుడ్ మార్నింగ్ పెట్టేశాడు. దానికీ ఇద్దరు చేతులు జోడించారు. ఫోను మంచం మీద పడేశాను. ఏడుపు రావలసిన చోట వెగటు పుట్టింది. ఈ నాలుగు మాటలూ ఆ వెగటు ఇంకా పోకుండానే రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించాలి.

తర్వాత అమ్మగారు ఏలూరు నుంచి ఫోన్ చేశారు. సార్ భార్యని మేమంతా అమ్మగారు అనే పిలుస్తాం.

"పొద్దున్నే కాఫీ తాగి పేపరు పట్టుకుని కూర్చున్నారమ్మా. టిఫిన్‌కి పిలిస్తే పలకలేదు," అన్నారు. "ఎన్నింటికి పోయారని డాక్టరుగారు అడిగారు. ఏం చెప్పమంటావు? కాఫీ ఇచ్చాక, పనమ్మాయి వచ్చేలోపు అని చెప్పాను. కాగితం మీద టైము వెయ్యాలి కదండీ అని ఆయనే ఏదో వేసుకున్నారు," అన్నారు.

అప్పుడు ఏడుపొచ్చింది. నలభై ఏళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషి తప్ప ఇంకెవరూ ఆ సమాధానం చెప్పలేరు. తనకి తెలిసింది ఎంతో అంతవరకే చెప్పారు. సార్ అందరి దగ్గరా ఆశించిందీ, చాలామంది దగ్గర దొరకక విసుక్కున్నదీ అదే.

మా సార్ తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో న్యూమరికల్ మెథడ్స్ చెప్పేవారు. కాలేజీ పేరు రాయను, రాయాలనీ లేదు. న్యూమరికల్ మెథడ్స్ అంటే సూటిగా తేలని లెక్కల్ని దగ్గరదగ్గరగా తేల్చే చదువు. ఒక అంచనాతో మొదలుపెట్టి, దాన్ని దిద్దుకుంటూ దిద్దుకుంటూ అసలు సమాధానం దాపులకి వెళ్లడం. దిద్దే పని కంప్యూటరు చేసి పెడుతుంది. ఎక్కడ ఆగాలి, ఆగిన చోట ఎన్ని అంకెలు నమ్మాలి అన్నది మాత్రం మనిషి చెప్పాలి. ఆ చివరి ముక్క నేర్పడానికే ఆయన జీతం తీసుకుంటున్నానని అనేవారు.

నేను ఆయన క్లాసులో కూర్చున్న కొత్తల్లో ఒకరోజు కాలేజీ పక్క పంటకాలువ దగ్గరికి తీసుకెళ్లారు. టేపు పెట్టి వెడల్పు కొలవమన్నారు, కర్ర ముంచి లోతు చూడమన్నారు, ఒక కొబ్బరి పీచు ముక్క వదిలి నీటి వేగం చూడమన్నారు. క్లాసుకి తిరిగొచ్చి కాలువలో ఎంత నీరు పారుతోందో లెక్క కట్టమన్నారు. నేను కాలిక్యులేటర్ నొక్కి, అద్దం మీద ఎన్ని అంకెలు కనిపించాయో అన్నీ దించేశాను. ఒక్కటి కూడా వదలకుండా రాశానని గర్వం కూడాను. సార్ నా బెంచీ దగ్గర ఆగారు. అన్నంలో వెంట్రుక వచ్చినప్పుడు మొహం ఎలా పెడతామో అలా పెట్టారు.

"ఇవన్నీ నువ్వు కొలిచావా అమ్మా?"

"లేదండీ, కాలిక్యులేటర్‌లో వచ్చాయండీ."

"అవతలి గట్టున టేపు పట్టుకున్న అబ్బాయి దోమ కుట్టిందని చెయ్యి కదిపాడు. అది కాలిక్యులేటర్‌కి తెలుసా?"

నేను కాలిక్యులేటర్ మూత పెట్టేశాను.

"వెళ్లి చేతులు కడుక్కునిరా," అన్నారు.

క్లాసంతా నవ్వింది. వరండాలో కుళాయి దగ్గరికి వెళ్లి నిజంగానే కడుక్కున్నాను. తిరిగొచ్చాక, "ఇప్పుడు నీకు తెలిసినంతవరకే రాయి," అన్నారు. రెండు అంకెలు మిగిలాయి. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి ఈ స్నానం తప్పదని సీనియర్లు చెప్పారు. ఒక బ్యాచ్ కుర్రాళ్లు ఆయన్ని ఏడిపించాలని కుళాయి దగ్గర కొత్త చందనం సబ్బు పెట్టారట. సార్ తానే వెళ్లి దాంతో చేతులు కడుక్కుని వచ్చి, "వాసన బాగుంది, రేపట్నుంచి తప్పులు పెరుగుతాయేమో," అన్నారట.

ఆయనతో మసలడం తేలికని మాత్రం అనుకోకండి. ఏలూరు నుంచి గూడేనికి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చేవారు. పక్కనున్నవాళ్లు టైమెంతండీ అంటే, "ఎనిమిది దాటింది, పావు కాలేదండీ," అనేవారు. భీమడోలు ఎంతసేపట్లో వస్తుందండీ అంటే ఇంత తక్కువ కాకుండా, అంత ఎక్కువ కాకుండా అని రెండు చివరలూ చెప్పేవారు. అడిగినవాళ్లు ఈయనకేదో తిక్క అనుకుని ఇంకొకళ్లని అడిగేవారు. ఎండాకాలంలో ఎవరో ఫోను చూసి ఏలూరులో వేడి ఇన్ని డిగ్రీలు, పాయింటు తర్వాత ఇంత అని చదివితే, "ఎక్కడ కొలిచారు బాబూ, పవర్‌పేట రోడ్డు మీదా, మా పెరట్లో జామచెట్టు కిందా?" అని వదిలేవారు కాదు. మా అక్క పెళ్లిలో అయితే ముహూర్తం తొమ్మిదీ నలభై ఏడుకని చెప్పిన పురోహితుడుగారిని, ఎవరి వాచీ ప్రకారమండీ అని అడిగి మా నాన్నకి చెమటలు పట్టించారు. పురోహితుడుగారు తక్కువవారు కాదు. "మీ వాచీ ప్రకారమే కానివ్వండి మాస్టారూ, చూసి చెప్పండి," అని ఆయన చేతికే పని అప్పగించారు. సార్ పెళ్లంతా వాచీ చూసుకుంటూ నిలబడి భోజనానికి ఆఖరి బంతిలో కూర్చున్నారు.

దశాంశాలు కుదించడం ఆయనకి ఇష్టం లేదని కొందరు అనుకునేవారు. అది నిజం కాదు. నేను అదే కాలేజీలో ఆయన కింద లెక్చరర్‌గా చేరిన తర్వాత ఒకసారి అన్నారు: "కుదించడం తప్పు కాదమ్మా, కుదించకపోతే రోజు గడవదు. కుదించినప్పుడు ఊడిపడే ముక్క ఎవరి నెత్తిన పడుతుందో చూసుకుని కుదించాలి." ఇంకొకసారి, "ఎటు తప్పుతామో తెలియనప్పుడు ఎవరికీ దెబ్బ తగలని వైపుకి తప్పాలి," అన్నారు. ఈ రెండో మాట నాకు అప్పుడు పెద్దగా ఎక్కలేదు. కొల్లేటి సంపు వ్యవహారం దాకా ఎక్కలేదు.

అది చెప్పాలి. ఆయన గురించి రాస్తూ అది చెప్పకపోతే నేనూ ఆ వాట్సాప్ బొమ్మలు పెట్టినవాళ్లలో ఒకదాన్నవుతాను.

కొల్లేటి లంక అంటే సరస్సు నడుమ దిబ్బ మీది ఊరు, చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. చుట్టుపక్కల చేపల చెరువులు. ఆ చెరువుల్లో మేతకని కోళ్ల వ్యర్థాలు తెచ్చి పోసేవాళ్లున్నారు. లారీ వెళ్లినంత దూరం రోడ్డు కంపు కొడుతుంది. వానలకి చెరువులు పొంగితే ఆ నీళ్లన్నీ సరస్సు నీళ్లలో కలిసి ఇళ్ల చుట్టూ నిలుస్తాయి. అలాంటి ఒక లంకలో తాగే నీళ్లకి సంపు కట్టాలనుకున్నారు. సగం భూమిలోకి, సగం పైకి ఉండే సిమెంటు తొట్టి. పైపులో మంచినీళ్లు వచ్చినప్పుడు అందులో నింపుకుని, మూత తీసి తోడుకుంటారు. అంచు వరద నీటికన్నా ఎత్తులో ఉండాలి. అంచు దాటి బయటి నీళ్లు లోపలికొస్తే ఊరు ఊరంతా ఆ కుళ్లు తాగాలి. సంపు అంచు ఎంత ఎత్తులో ఉండాలో లెక్క కట్టి ఇచ్చే పని మా కాలేజీ తీసుకుంది. సేవ కోసమేమీ కాదు. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది, చూపించడానికి ఒక ఊరు కావాలి.

సార్ పిల్లల్ని తీసుకుని లంకకి వెళ్లారు, నేనూ వెళ్లాను. గతంలో వచ్చిన వరద ఎంతవరకు వచ్చిందో గోడల మీద చూపించమంటే ఊళ్లోవాళ్లు చూపించారు. ఒకరు నడుం దగ్గర చెయ్యి పెట్టారు, పక్కింటివాళ్లు దానికి జానెడు పైన పెట్టారు. మట్టి గుర్తులు కూడా అలాగే ఉన్నాయి. అవన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, నీటి ప్రవాహం లెక్క నడిపిస్తే, వరద మట్టం సముద్ర మట్టానికి పైన 2.6483 మీటర్లని వచ్చింది. సార్ ఆ అంకె చూసి నవ్వారు. గోడ మీద అరచేతులతో చూపించిన గుర్తులకి నాలుగు దశాంశాలు. పది సెంటీమీటర్లు అటో ఇటో ఉండొచ్చు, అంతకన్నా ఏమీ తెలియదు అని పక్కన రాసి హెచ్ఓడీగారికి ఇచ్చారు.

హెచ్ఓడీగారు దాన్ని ఒక దశాంశానికి కుదించారు. రెండో దశాంశం నాలుగు కాబట్టి రూల్ ప్రకారం వదిలేస్తే 2.6 వస్తుంది. ఆ తర్వాత రిపోర్టులో టేబుళ్లన్నీ ఒకే తీరులో కనిపించాలని ఎక్సెల్‌లో అన్ని అంకెలకీ రెండు దశాంశాలు పెట్టించారు. కంప్యూటరు 2.6 పక్కన ఒక సున్నా చేర్చి 2.60 అని చూపించింది. సార్ రాసిన మాట ఎక్కడికి పోయిందో పోయింది. ఆ మీటింగులో నేనున్నాను.

"ఏవండీ, ఈ చివరి సున్నా ఎవరు కొలిచారండీ?" అని అడిగారు సార్.

"సున్నానే కదండీ," అన్నారు హెచ్ఓడీగారు నవ్వుతూ.

"అది ఉంటే సెంటీమీటరు దాకా మనకి తెలుసని అర్థం. మనకి తెలియదు కదండీ."

"ఫార్మాట్ సార్. కమిటీవాళ్లకి నీట్‌గా కనపడాలి. కుదించడం కూడా రూల్ ప్రకారమే కుదించాం."

"రూల్ సరేనండీ. పక్కన ఒక్క వాక్యం పెట్టండి. ఇది పది సెంటీమీటర్లు పైన ఉండొచ్చు, కట్టేవాళ్లు చూసుకోవాలి అని."

"రెండో ప్రింటులో పెట్టిద్దాం సార్. ఇప్పటికి సంతకం చేసెయ్యండి, బైండింగ్‌కి వెళ్లాలి."

సార్ సంతకం పెట్టారు. మర్యాద మనిషి, ఎదుటివాడు పెట్టిస్తానంటే పెట్టిస్తాడని నమ్మారు. రెండో ప్రింటు రాలేదు. కమిటీ వచ్చింది, జీడిపప్పు తింది, గ్రేడు ఇచ్చింది. లంకలో సంపు కట్టారు. కట్టించినాయన తర్వాత మాతో అన్నాడు: "సెంటీమీటరు దాకా ఇచ్చారు కదండీ. అంత కచ్చితంగా ఇచ్చారంటే జాగ్రత్తంతా అందులోనే కలిపేసి ఉంటారనుకున్నామండీ." అంచు సరిగ్గా 2.60 దగ్గర ఆపాడు. అతన్ని అనడానికేమీ లేదు.

మరుసటి వానాకాలం సరస్సు పొంగింది. నీళ్లు సంపు అంచు మీంచి నాలుగు వేళ్ల ఎత్తున పారాయి. పైపు లైను తెగిపోయింది, పడవలో టిన్ను నీళ్లు వచ్చేదాకా ఊరికి దిక్కు ఆ సంపే. నీళ్లు తీశాక కబురు తెలిసి సార్ నన్ను తీసుకుని వెళ్లారు. ఊళ్లోకి అడుగు పెట్టేసరికే కంపు ముక్కు పుటాలు పగలగొట్టింది. సంపు మూత తీస్తే లోపల పచ్చటి నురగ, దాని మీద కోడి ఈకలు. ఒక చేపపిల్ల పొట్ట పైకి పెట్టి తేలుతోంది. నాకు వాంతొచ్చి పక్కకి వెళ్లాను. సార్ వంగి ఒక ఈక తీసి అరచేతిలో పెట్టుకున్నారు. అంకెల్ని చూసి ఆయన ఛీ అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆరోజు ఆ మాట కూడా అనలేదు.

సంపు పక్కింట్లో ఒక పెద్దామె ఉంది. ఊరంతా ఆమెని పెద్దమ్మ అంటారు. ఆమె మనవరాలు కైకలూరు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది, అలా ఉన్న పిల్లలు ఇంకా ఉన్నారు. పెద్దమ్మ సార్ని గుర్తుపట్టింది.

"మాష్టారూ, గోడల మీద చేతులు పెట్టించి రాసుకెళ్లింది మీరే కదండీ?"

"మేమేనండీ."

"లెక్క తప్పిందాండీ మరి?"

చుట్టూ జనం చేరారు. కాలేజీ తరఫున ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారేమోనని నేను భయపడ్డాను. జనం కోపంగా ఉన్నారు, వాళ్లేం చేస్తారోనన్న భయం కూడా ఉంది.

"లెక్క తప్పలేదండీ," అన్నారు. "మాకు తెలియనిది తెలిసినట్టు రాశాం. ఆ కాగితం మీద నా సంతకం ఉంది."

పెద్దమ్మ ఆయన్ని పైనించి కిందికి చూసింది. "మా పిల్ల బతుకుద్దాండీ?" అంది. అది కూడా తెలుసని అనలేదు ఆయన. తెలియదండీ అన్నారు. ఆ పిల్ల బతికింది, మిగతావాళ్లు కూడా బతికారు. కాలేజీలో ఆ కబురు విని ఎవరో హమ్మయ్య, ఏం కాలేదు కదా అన్నారు. సార్ కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయారు.

రిపోర్టులో అంకె దిద్ది, పొరపాటు జరిగిందని ఊరికీ కమిటీకీ తెలియజెయ్యమని ఆయన రాతపూర్వకంగా అడిగారు. ప్రిన్సిపాల్‌గారు పిలిపించి, "నాలుగు వేళ్లే కదండీ తేడా, ఎర్రర్ మార్జిన్ అనుకోవచ్చు," అన్నారు. ఆ మార్జిన్ రాయమనే కదండీ నేను అడిగింది, అన్నారు సార్. ఆ పైన పెద్ద మాటలేమీ జరగలేదు. ఆయన పీరియడ్లు ఒక్కొక్కటే తీసి ఇంకొకళ్లకి ఇచ్చారు. రిటైర్మెంట్ ఇంకా ఉండగానే ఆయనే మానేశారు. కొన్నాళ్లకి నేనూ మానేసి వేరే కాలేజీలో చేరాను. నాకు ఆ బిల్డింగు మెట్లు ఎక్కుతుంటే లంక కంపు వచ్చేది.

మానేసిన తర్వాత ఆయన చేసిన పని సంపు అంచు ఎత్తు పెంచడం. పంచాయతీవాళ్లు ఇటుకలు తెచ్చారు, ఊళ్లో మేస్త్రీ పనికొచ్చాడు. సార్ ఏలూరు నుంచి బస్సెక్కి లంకకి వెళ్లి స్టూలు వేసుకుని కూర్చునేవారు. వీలైనప్పుడు నేనూ వెళ్లేదాన్ని. రెండు వరసల ఇటుక వేస్తే పాత వరదకీ, గోడ గుర్తుల్లో ఉన్న తేడాకీ సరిపోతుంది. మేస్త్రీ రెండు వరసలు వేసి తాపీ కడుక్కుంటుంటే సార్ మూడో వరస కూడా వెయ్యమన్నారు.

పెద్దమ్మ విరుచుకుపడింది. అంచు అప్పటికే ఆడవాళ్ల రొమ్ముల దాకా వచ్చింది, ఇంకా లేపితే వంగి తోడడం ఎలా? "మీరు తోడుతారాండీ రోజూ వచ్చి? మా నడుములు మీవి కాదు కదా," అంది. పక్కనున్న ఆడవాళ్లూ అందుకున్నారు. సార్ అన్నీ విన్నారు.

"పాత వరదలైతే ఆ రెండు వరసలు చాలండీ. చుట్టూ చెరువు గట్లు ఏటా ఎత్తు పెంచుతున్నారు, నీరు పోయే దారి మూసుకుపోతోంది. రేపొచ్చేది ఎంతుంటుందో నాకు తెలియదు. మూడో వరస ఆ తెలియనిదానికి."

"తెలియనిదానికి కూడా ఇటుకలు పెడతారాండీ?" అంది పెద్దమ్మ.

"దానికే పెట్టాలండీ," అన్నారు. ఆమె తిట్టుకుంటూనే ఉంది. మూడో వరస పడింది, ఎక్కి తోడుకోవడానికి పక్కన రెండు మెట్లు కట్టించారు. ఆ తర్వాత ఆయన ఎప్పుడు లంకకి వెళ్లినా పెద్దమ్మ నడుం పట్టుకుని చూపించి, మీ పుణ్యమేనండీ అనేది. సార్ నవ్వి ఊరుకునేవారు. వరద లేని ఏళ్లు గడుస్తుంటే మూడో వరస పీకేద్దామన్న మాట కూడా ఊళ్లో వచ్చింది. పీకలేదు.

ఇక సంతాప సభ సంగతి. కాలేజీవాళ్లు పిలిచారు, అమ్మగారు వెళ్లలేనన్నారు, ఆవిడ తరఫున నేను వెళ్లాను. గేటు దగ్గర ఆయన ఫ్లెక్సీ. స్టేజీ మీద ఆయన్ని కాలేజీలోంచి సాగనంపినవాళ్లే వరసగా కూర్చున్నారు. కచ్చితత్వానికి మారుపేరన్నారు, విద్యార్థుల గుండెల్లో నిలిచారన్నారు. ఆ మాటలన్నీ ఏ మనిషి పోయినా పనికొచ్చేవే. తర్వాత తెర మీద ఆయన సేవలంటూ బొమ్మలు వేశారు. మూడో బొమ్మ లంక సంపు. కొత్తగా కట్టినప్పటి ఫోటో, రిబ్బను కూడా ఉంది. దాని కింద అదే టేబులు, అదే 2.60. కింద "మార్గదర్శకత్వం" అని సార్ పేరు.

లేచి నిలబడి, "ఆ అంకె తప్పని ఆయన రాసిచ్చారండీ. ఆయన సభలోనైనా అది తీసెయ్యండి," అన్నాను. ప్రిన్సిపాల్‌గారు మైకు పక్కకి జరిపి మెల్లగా, "ఇప్పుడెందుకమ్మా ఆ విషయాలు. పెద్దాయన ఆత్మ శాంతించాలి కదా," అన్నారు. హెచ్ఓడీగారు తర్వాతి బొమ్మ వెయ్యమని సైగ చేశారు. బయట టీ, సమోసా పెట్టారు. నేను తాగకుండా వచ్చేశాను. గూడెం బస్‌స్టాండు దాకా నడుస్తూ నోట్లో ఊరిన నీళ్లు ఉమ్మేస్తూనే ఉన్నాను. చచ్చిపోయిన మనిషిని, ఆయన అన్నిటికన్నా అసహ్యించుకున్న ఆ ఒక్క అంకె కిందే పడుకోబెట్టారు.

ఆ వారమంతా వానలు. వాగులు పొంగి సరస్సులోకి దిగాయని, లంకల్లోకి నీళ్లు వచ్చాయని కబురు. పైపు లైను మళ్లీ తెగిందన్నారు. పెద్దమ్మకి ఫోన్ చేస్తే రింగు పోలేదు. వాన తెరిపి ఇచ్చాక నేను కైకలూరు దాకా బస్సులో వెళ్లి, అక్కణ్నుంచి ట్రాక్టరు పట్టుకుని, చివర పడవ ఎక్కాను. సార్ పోయిన సంగతి వాళ్లకి చెప్పాలి. అంతకన్నా నిజం చెప్పాలంటే, సంపు చూడాలి. పడవలో కూర్చున్నంతసేపూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నీళ్ల మీద చచ్చిన చేపలు, ఈకలు, నూనె తెట్టు. పడవ నడిపే అతను, ఈసారి పోయినసారి కన్నా ఎక్కువొచ్చిందండీ అన్నాడు.

సంపు చుట్టూ నీళ్లు నిలిచి ఉన్నాయి. మొదట వేసిన రెండు వరసలూ కనిపించడం లేదు. మూడో వరస ఇటుకల్ని తడుపుతూ, వాటి నడుం దాకా వచ్చి నీళ్లు ఆగాయి. ఇటుకలకి పచ్చటి జిగురు, ఒక తెల్లటి ఈక అంటుకుని ఉన్నాయి. ఆ పైన అంచు పొడిగా ఉంది. పెద్దమ్మ చీర ఎగ్గట్టి, నీళ్లలో మునిగిన మెట్ల మీద నిలబడి చిన్న బకెట్టుతో తోడుతోంది. వెనకాల ఆడవాళ్లు బిందెలతో పడవలో ఉన్నారు.

"రండమ్మా. మాష్టారు రాలేదేంటండీ? వాన కదా, రావొద్దన్నారా ఇంట్లో?"

చెప్పాను. ఆమె బకెట్టు అంచు మీద పెట్టింది. కిందికి చూసింది, ఆ మూడో వరస వైపు.

"ఈ వరస మీద ఎన్నెన్ని మాటలన్నానమ్మా ఆయన్ని," అంది.

ఆమె ముక్కు చీదుకుని, చెంగుతో చెయ్యి తుడుచుకుని, బకెట్టులోంచి గ్లాసు నింపి నాకు ఇచ్చింది. ఎప్పుడు ఆ వైపు వెళ్లినా నా సంచిలో నీళ్ల సీసా ఉంటుంది. ఆరోజు కూడా ఉంది. చుట్టూ ఆ మురుగు నా పడవని కదుపుతోంది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత వదిలేసి తాగాను. చల్లగా ఉన్నాయి. ఏ వాసనా లేదు.